వదిలేసేదేమిటో ముందు తేల్చుకోండి

ఆదివారం సాయంత్రం సింగపూర్ లిటిల్ ఇండియా. బఫెలో రోడ్డులో స్కెచ్ పుస్తకం తెరిచి నిలబడ్డారనుకుందాం. ఒక పక్క టెక్కా మార్కెట్, ఇంకో పక్క పూలకొట్లు, కూరగాయల గుట్టలు, సెలవు దొరికి స్నేహితుల్ని కలవడానికొచ్చిన కార్మికులు. అన్నీ గీసెయ్యాలనిపిస్తుంది. అన్నీ గీస్తే కాగితం మీద ఏదీ నిలవదు.

పెన్ను మూత తియ్యకముందే ఒక ప్రశ్న వేసుకోండి: నా కాళ్లు ఇక్కడే ఎందుకు ఆగాయి? ‘ఇక్కడి సందడి చూసి’ అనేది జవాబు కాదు. ‘మల్లెదండ కడుతున్న ఆ చేతులు చూసి’ అనేది జవాబు. అంత స్పష్టంగా చెప్పలేకపోతే ఇంకాసేపు చూడండి, తొందరేం లేదు. 1822లో రాఫెల్స్ నగర ప్రణాళిక పుణ్యమా అని ఇక్కడి పాత కొట్ల ముందు ఐదడుగుల వసారాలున్నాయి. ఎండైనా వానైనా నిలబడొచ్చు. పైగా వాటి స్తంభాలే మీ దృశ్యానికి హద్దులు గీసిపెడతాయి.

తర్వాత పుస్తకం మూలన అగ్గిపెట్టెంత గడి గీసి, చీకటి ఎక్కడ, వెలుగు ఎక్కడ అన్నది మాత్రం నింపండి. దండ కట్టే చేతులు అందులోనే కలిసిపోతే నిలబడ్డ చోటు మార్చండి.

జనాన్ని చూసి బెదరక్కర్లేదు. చదును నేల మీద నిలబడి చూస్తే, మీ ఎత్తున్న వాళ్ల తలలు దగ్గరైనా దూరమైనా ఒకే వరసలో ఉంటాయి. ఆ వరసలో కొన్ని సున్నాలు, కింద పొట్టీపొడుగూ ఒళ్లు చాలు. ముఖాలు వద్దు. అన్నిటికన్నా కష్టం బోర్డులతోనే. చదువొచ్చిన కన్ను అక్షరాల మీదికే పోతుంది కాబట్టి వాటిని ఖాళీగా వదిలెయ్యండి.

సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి దగ్గర ఈ పట్టుదలకు అసలు పరీక్ష. ఇరవై మీటర్ల రాజగోపురం, ఐదు అంతస్తులు, నిండా బొమ్మలే. నన్నడిగితే ఒక్క అంతస్తు శ్రద్ధగా గీసి, మిగతా నాలుగింటికీ అంచుగీతలు ఇస్తే సరి. చూసేవాళ్ల కన్ను మిగతాది పూరించుకుంటుంది. నమ్మకం కుదరకపోతే బాపు బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని, ఆయన గీయకుండా వదిలినవేమిటో వెతకండి.

వదలలేకపోవడం బొమ్మలవాళ్లకే ఉన్న జబ్బు కాదు. ఒక్క మాట చెప్పడానికి నలభై స్లైడ్లు పెట్టే మేనేజరుదీ ఇదే బాధ: ఏది తీసేస్తే ఎవరేమంటారోనని. ఆ బెరుకు పోగొట్టుకోవడానికి కాగితం మంచి చోటు, తప్పినా నష్టం ఒక పేజీయే.

2007లో సియాటిల్ పత్రికా చిత్రకారుడు గాబ్రియెల్ కంపనారియో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్‌కు సింగపూర్‌లో చురుకైన శాఖ ఉంది. 2015లో వాళ్ల అంతర్జాతీయ సదస్సు ఇక్కడే జరిగింది. నెలనెలా కలిసి వీధుల్లో బొమ్మలు గీస్తారు. మీరూ ఒకసారి వెళ్లండి. పక్కవాళ్లు అదే వీధిలో ఏమేం వదిలేశారో అడిగి తెలుసుకోండి.