దిండు మీది మరకలు – వంటింటి వస్తువులతో శుభ్రం చేసుకొనే విధానం



రోగిని ఇంటికి తీసుకొని వెళ్ళేటప్పుడు మందుల గురించి, పథ్యం గురించి అందరూ అడుగుతారు. దిండు గురించి అడిగేవారు తక్కువ. కాని మంచాన పడినవారికి రాత్రింబగళ్ళు తల ఆనేది దాని మీదనే. చెమట, తలనూనె, లాలాజలం, కొన్నిసార్లు రక్తం, మూత్రం అందులోకే దిగుతాయి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువడిన తన నర్సింగ్ పుస్తకంలో మంచము, పక్కబట్టల కోసం ఒక అధ్యాయమే కేటాయించారు. పక్కబట్టలకు గాలి తగలాలని ఆమె పట్టుబట్టారు. కావున ఈ నెల పాఠం దిండు గురించే.

ఉతికే ముందు ఒకసారి చూడండి

మేము వార్డులో దుప్పటి తీసేటప్పుడు ముందుగా మరకను చూస్తాము. ఇంట్లో మీరు కూడా చూడాలి.

పసుపు పచ్చని మరక సాధారణంగా చెమట, నూనె వలన వచ్చినదే. దిండుకు చీము అంటితే చెవి గాని, తల మీద పుండు గాని చూపించాలి. కఫంలో రక్తం కనబడినా, రాత్రిళ్ళు దిండు తడిసేంత చెమట పట్టినా, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా కఫం పరీక్ష చేయించాలి. ఇది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. అకస్మాత్తుగా నోటి ఒక పక్కనుండి లాలాజలం కారుతూ మూతి వంకర పోయినా, చెయ్యి బలహీనపడినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. ఉతకడం తరువాత, ముందు ఆసుపత్రికి బయలుదేరండి.

ఏ మరకకు ఏ వస్తువు

1. చెమట, తలనూనె: రెండు చెంచాల వంట సోడాను కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి మరకపై పూయండి. అరగంట తరువాత కుంకుడుకాయ రసంతో గాని, సబ్బుతో గాని రుద్ది కడగండి. కుంకుడు రసాన్ని పలుచని బట్టలో వడగట్టాలి, లేకపోతే తెల్ల బట్టకు దాని రంగు అంటుతుంది. బట్టల సోడా వేరు, వంట సోడా వేరు. బట్టల సోడా చేతులను కొరుకుతుంది.

2. పాత పసుపు మరక: ఒక నిమ్మకాయ రసం అర లీటరు నీటిలో కలిపి తడిపి, ఒక గంట ఎండలో ఉంచి కడగండి. రంగు బట్టలు వెలిసిపోతాయి గనుక ఇది తెల్లవాటికే.

3. రక్తం: చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు పోస్తే రక్తం బట్టకు పట్టుకుపోతుంది. లీటరు చన్నీటికి రెండు చెంచాల ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, సబ్బుతో ఉతకండి. చేతికి గ్లవ్స్ తొడుక్కోవడం మరువవద్దు.

4. మూత్రం: పొడిగుడ్డతో అద్ది తడి పీల్చండి. ఒక వంతు తెల్ల వెనిగరుకు రెండు వంతుల నీళ్ళు కలిపి అద్ది, పావుగంట ఆగి తుడవండి. ఆరిన తరువాత వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి దులిపితే వాసన తగ్గుతుంది. వెనిగరు, సోడా ఒకేసారి కలిపితే పొంగుతుందే గాని రెండింటి బలమూ పోతుంది.

5. పసుపు: సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. భయపడకండి. బాగా జాడించి ఎండలో వేస్తే క్రమంగా వెలిసిపోతుంది.

ముఖ్యమైన హెచ్చరిక: బ్లీచింగ్ పౌడరుతో గాని, బ్లీచ్ ద్రావణంతో గాని వెనిగరు, నిమ్మరసం, బాత్‌రూమ్ ఆసిడ్ ఎన్నడూ కలపకూడదు. విషవాయువు వచ్చి ఊపిరాడదు. మూత్రం తడిసిన బట్టపై కూడా ముందు నీళ్ళు పోసి కడగకుండా బ్లీచ్ వేయరాదు.

ఏ దిండుకు ఏ పద్ధతి

బూరుగు దూది దిండును నీళ్ళలో ముంచకండి. దూది ఉండలు కట్టి లోపలే కుళ్ళుతుంది. కుట్టు విప్పి దూది తీసి ఎండబెట్టి, గుడ్డను మాత్రం ఉతకాలి. దూది గట్టిపడితే ఏకించి మళ్ళీ నింపించుకోవచ్చు. ఫైబర్ దిండును గోరువెచ్చని సబ్బు నీటిలో ఉతికి రెండు మూడుసార్లు జాడించవచ్చు. స్పాంజి దిండును పిండకుండా నొక్కి నీరు తీసి, నీడలో గాలికి ఆరబెట్టండి. ఎక్కువ ఎండకు స్పాంజి పొడిపొడి అవుతుంది.

ఆరిందో లేదో పైన ముట్టుకుంటే తెలియదు. మధ్యలో గట్టిగా నొక్కి చూడండి. చల్లగా తగిలినా, ముక్క వాసన వచ్చినా ఇంకా తడి ఉన్నట్టే. తడి దిండులో బూజు పడుతుంది. ఆస్తమా ఉన్నవారికి అది మరకకంటె ఎక్కువ కీడు. అందుకే వర్షాకాలంలో దిండు ఉతకకుండా గలీబులే తరచుగా మార్చడం మంచిది.

మరక పోతే క్రిములు పోయినట్టేనా?

కాదు. నిమ్మ, సోడా, వెనిగరు మరకకు, వాసనకు మందు. వాటినే నమ్ముకొంటే క్రిములు పోవు. క్రిములకు సబ్బు, వేడి నీరు, మంచి ఎండ కావాలి. ఆసుపత్రి లాండ్రీలలో 71 డిగ్రీల వేడి నీటిలో కనీసం 25 నిమిషాలు బట్టలు ఉంచడం ఒక ప్రమాణం. ఇంట్లో రోగి గలీబులను రక్తం మరక పోయిన తరువాత, బట్ట తట్టుకుంటే, బాగా మరిగిన నీళ్ళు పోసి సబ్బుతో నానబెట్టండి. దిండుకు గలీబు లోపల రెక్సిన్ తొడుగు వేస్తే ఈ శ్రమ సగం తగ్గుతుంది.

దిండును పారవేయండి గాని, మనిషిని కాదు

క్షయ వచ్చినవారి దిండు, దుప్పటి తగలబెట్టి, వారిని వసారాలో పడుకోబెట్టే కుటుంబాలను మేము ఇప్పటికీ చూస్తున్నాము. క్షయ దగ్గినప్పుడు గాలి ద్వారా వ్యాపిస్తుంది, దిండు ద్వారా కాదు. నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవడం, కిటికీలు తెరవడం, డాక్టరు చెప్పినన్ని నెలలు మందులు మానకుండా వాడడం, ఇవే రక్షణ. హెచ్‌.ఐ.వి. కూడా పక్కబట్టల వలన రాదు. రక్తం అంటిన బట్టకు గ్లవ్స్ చాలు, దూరం అక్కరలేదు.

పక్క తడుపుకొన్న పెద్దవారు సిగ్గుతో దిండును తిరగేసి మరకను దాచుకొంటారు. వారిని గద్దించకండి. మాట్లాడకుండా గలీబు మార్చి, పొడి దిండు తల కింద పెట్టండి. యోహాను సువార్త 13వ అధ్యాయంలో మన ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి మనకు తెలుసు. మనవారి దిండు ఉతకడమూ అటువంటి సేవే.

గుర్తుంచుకోండి: రక్తానికి చన్నీళ్ళు. బ్లీచ్‌తో ఏదీ కలపరాదు. లోపలిదాకా ఆరిన దిండే శుభ్రమైన దిండు.