విద్యాధర్మం

ఉద్దేశం

ప్రతి జాతికీ తనదైన దాన సంప్రదాయం ఉన్నది. యూదులు తమ బాలల చదువు కోసం, యువజనుల అభ్యున్నతి కోసం తరతరాలుగా సాగించిన ధర్మకార్యాన్ని పరిచయం చేస్తూ, ఇచ్చే తీరులోని ఔచిత్యాన్ని విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

దానం అనగానే మన మనస్సులో ఇచ్చే చేయి పైన, పుచ్చుకొనే చేయి క్రింద కనబడతాయి. దాత అధికుడు, గ్రహీత దీనుడు అనే భావం ఆ చిత్రంలోనే ఇమిడి ఉన్నది. యూదుల ప్రాచీన భాష అయిన హీబ్రూలో దానానికి వాడే మాట ‘త్సెదకా’. న్యాయం అనే అర్థం గల ‘త్సెదెక్’ అనే పదమూ, ఇదీ ఒకే ధాతువు నుండి పుట్టినవి. కాబట్టి వారి దృష్టిలో బీద బాలునికి చదువు చెప్పించినవాడు తాను తీర్చవలసిన బాకీని తీర్చినవాడే అవుతాడు. మన ‘ధర్మం’ అనే మాటకు కూడ న్యాయమనీ, దానమనీ రెండర్థాలున్నవి. వాకిట నిలిచిన యాచకుడు సైతం ‘ధర్మం చేయండి’ అనే అడుగుతాడు. ఈ పోలిక గమనింపదగినది.

యూదుల ధర్మశాస్త్ర సంపుటమైన తాల్మూద్‌లో ఒక వృత్తాంతం ఉన్నది. పూర్వం తండ్రి ఉన్న బాలునికి తండ్రే చదువు చెప్పేవాడు. తండ్రి లేని బాలుడు చదువు లేకుండానే మిగిలిపోయేవాడు. పెద్దలు ఇది గమనించి జెరూసలేం నగరంలో ఉపాధ్యాయులను నియమించారు. అయితే అంత దూరం చేయి పట్టుకొని తీసుకొనిపోవడానికి కూడ తండ్రి ఉండాలి కదా! అనాథ బాలుని స్థితి మారలేదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్రధానార్చకుడైన యెహోషువ బెన్ గమ్లా ప్రతి మండలంలోను, ప్రతి పట్టణంలోను ఉపాధ్యాయులను నియమింపజేసి, ఆరేడేండ్ల బాలురను బడిలో చేర్చే ఏర్పాటు చేశాడు. ఆయన లేకపోయినట్లయితే తమ జాతిలో విద్యయే మరుగున పడిపోయేదని తాల్మూద్ కృతజ్ఞతతో స్మరిస్తుంది. ఒక్కొక్క ఉపాధ్యాయునికి 25 మంది బాలురు ఉండాలి. 40 మంది అయితే ఊరివారి సహాయంతో ఒక సహాయకుని నియమించాలి. 50 మంది అయితే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి అని కూడ అది నిర్ణయించింది.

ఇట్టి కార్యాలకు ధనం కావాలి. అందుకై ఊరూరా ‘కుప్పా’ అనే ధర్మనిధి ఉండేది. ఆ నిధికి చందాలు వసూలు చేసేవారు ఇద్దరికి తక్కువ కాకూడదు. పంచేవారు ముగ్గురికి తక్కువ కాకూడదు. వసూలులో ఇద్దరుంటే అనుమానానికి తావుండదు. ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించడం తీర్పు చెప్పడంతో సమానం కనుక, వారి న్యాయస్థానంలో వలెనే ఇక్కడ కూడ ముగ్గురు కూర్చునేవారు.

పన్నెండవ శతాబ్దంలో ఈజిప్టులో నివసించిన మైమోనిడీస్ గొప్ప వైద్యుడు, తత్త్వవేత్త, ధర్మశాస్త్రకారుడు. ఆయన దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాడు. అయిష్టంగా ఇవ్వడం అన్నిటికంటె క్రింది మెట్టు. అడిగిన తరువాత ఇవ్వడం కంటె అడుగక మునుపే ఇవ్వడం మేలు. ఇచ్చినవారెవరో పుచ్చుకొన్నవారికి, పుచ్చుకొన్నవారెవరో ఇచ్చినవారికి తెలియని గుప్తదానం ఇంకా మేలు. దానికంటె పైన ఒకే ఒక్క మెట్టు ఉన్నది. అప్పు ఇచ్చి గాని, వ్యాపారంలో భాగస్వామిని చేసుకొని గాని, పని చూపి గాని, మరల చేయి చాచనవసరం లేకుండ మనిషిని నిలబెట్టడమే ఆ అత్యున్నత దానం. విద్య చేసే పని సరిగ్గా ఇదే. అన్నం ఆ పూట ఆకలిని తీరుస్తుంది; చదువు మరునాడు అడుగవలసిన అవసరాన్ని తీరుస్తుంది.

అట్లని విద్యాదానం ధనికులకే పరిమితం కాలేదు. తూర్పు ఐరోపాలోని యూదుల విద్యాలయాలలో చదివే పరవూరి విద్యార్థులు రోజుకొక ఇంట భోజనం చేసేవారు. ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట. యిద్దిష్ భాషలో ఈ పద్ధతిని ‘దినాలు తినడం’ అనేవారు. వారాలు చేసుకొని చదువుకొన్న తెలుగు పండితుల కథలు విన్న మనకు ఈ మాట కొత్తగా తోచదు. వేల మైళ్ళ దూరాన, మన సంగతి తెలియని ఇల్లాండ్రు కూడ తమ కుండలోని మెతుకులను ఒక విద్యార్థితో పంచుకొన్నారు.

ఈ సంప్రదాయానికి ఇరవయ్యవ శతాబ్దంలో కఠిన పరీక్ష ఎదురయింది. 1932లో జర్మనీ దేశపు బెర్లిన్ నగరంలో, యూదులైన కారణంగా పనులలో నుండి తొలగింపబడిన కొందరు కుర్రవాళ్ళు రేఖా ఫ్రయర్ అనే విదుషీమణి వద్దకు వచ్చి, తమ గతి ఏమిటని అడిగారు. ఆమె ఒక రబ్బీ భార్య, ఉపాధ్యాయిని. ఆనాడు బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉన్న పాలస్తీనాకు వారిని పంపి, కిబ్బుత్జ్ అనే సమష్టి వ్యవసాయ క్షేత్రాలలో చదువూ, సేద్యమూ నేర్పించాలని ఆమె సంకల్పించారు. 1933 జనవరి 30న ఆమె తన సంస్థను స్థాపించారు. హిట్లర్ జర్మనీ ప్రధానమంత్రి పదవిని చేపట్టినది కూడ ఆనాడే. ఆ సంస్థయే ‘యూత్ అలియా’గా ప్రసిద్ధి పొందింది.

జెరూసలేంలో ఈ భారాన్ని వహించినవారు హెన్రియెటా సోల్డ్. ఆమె 1860లో అమెరికాలో జన్మించారు. 1912లో హదస్సా అనే మహిళా సంస్థను స్థాపించారు. ఉన్న పిల్లలకే వసతులు చాలని చోటికి కొత్తవారిని ఎట్లా రప్పించగలమని ఆమె మొదట సందేహించారు. తరువాత బాధ్యతను స్వీకరించి, 1934 ఫిబ్రవరిలో జర్మనీ నుండి వచ్చిన పిల్లలకు హైఫా రేవులో తానే ఎదురేగి స్వాగతం పలికారు. అప్పటికి ఆమె వయస్సు 73 సంవత్సరాలు.

పిల్లల పోషణకు, చదువుకు ఎవరైనా పూచీపడితే గాని బ్రిటిష్ ప్రభుత్వం ప్రవేశానుమతి పత్రం ఇచ్చేది కాదు. అందుచేత ఆనాటి విరాళం కేవలం చదువు ఖర్చు కాలేదు. అది ఒక ప్రాణానికి పూచీ అయింది. 1935 నుండి అమెరికాలోని హదస్సా మహిళలు నిధుల సేకరణకు పూనుకొన్నారు. ముఖమైనా చూడని పిల్లల కోసం వారు చందాలు ప్రోగుచేశారు. రెండవ ప్రపంచయుద్ధానికి మునుపు సుమారు 5,000 మంది ఈ మార్గాన సురక్షిత ప్రాంతానికి చేరారు. పూట కొంత చదువు, కొంత పొలం పని వారి దినచర్య. రైలు వద్ద వీడ్కోలు చెప్పిన తల్లిదండ్రులలో అనేకులను వారు మరల చూడలేదు. నాజీల మారణకాండలో సుమారు 60 లక్షల మంది యూదులు హతులయ్యారు. రానివారి సంఖ్యను తలచుకొన్నప్పుడు అందని ప్రతి పూచీ విలువ ఎంతటిదో మనకు తెలుస్తుంది.

1943లో ఏడు వందలకు పైగా పోలెండు దేశపు యూదు బాలలు, అత్యధికులు అనాథలు, సోవియట్ దేశం మీదుగా టెహరాన్ చేరి, అక్కడినుండి ఓడపై అప్పటి అవిభక్త భారతదేశంలోని కరాచీ రేవు మీదుగా ప్రయాణించి పాలస్తీనా చేరుకొన్నారు. వారిని కూడ యూత్ అలియా అక్కున చేర్చుకొన్నది. సోల్డ్ 1945లో కన్నుమూశారు. సంతానం లేని ఆ వృద్ధురాలిని వేలాది బాలలు తల్లిగా భావించారు.

మన దేశంలో కూడ ఈ ధర్మానికి చిహ్నాలున్నవి. కొంకణ తీరాన శతాబ్దాలుగా నివసిస్తున్న బెనె ఇజ్రాయెల్ యూదుల పిల్లల కోసం, ఆ సమాజానికే చెందిన హాయిమ్ శామ్యూల్ కేహిమ్‌కర్ పూనికతో 1875లో ముంబాయిలో ఒక బడి వెలసింది. బాగ్దాదులో పుట్టి, హాంకాంగ్, షాంఘైలలో వర్తకం చేసిన సర్ ఎలీ కదూరీ విరాళం వలన అది తరువాత ఆయన పేరును ధరించింది. స్వతంత్ర భారతం నుండి యూదులలో అధికులు ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. బడి మాత్రం మిగిలింది. అందులో చదివే పిల్లలలో అధికులు ఇప్పుడు ఇతర మతాలవారే. ఒక సమాజం తన పిల్లల కోసం వెలిగించిన దీపం ఇరుగుపొరుగు పిల్లలకు కూడ వెలుగునిస్తున్నది.

తండ్రి లేని బాలుడు ఎట్లా చదువుకొంటాడు అన్న ఒక్క ప్రశ్న నుండి ఈ కథ అంతా పుట్టింది. ఆ ప్రశ్న ఏ జాతిలోనైనా, ఏ ఊరిలోనైనా ఈనాటికీ అడుగదగినదే.

కఠిన పదాలకు అర్థాలు

గ్రహీత = పుచ్చుకొనేవాడు
ధాతువు = పదానికి మూలరూపం
విదుషీమణి = చదువుకొన్న ఉత్తమ స్త్రీ
సమష్టి = అందరితో కూడిన
పూచీ = హామీ
రబ్బీ = యూదుల మతగురువు

వ్యాకరణం

ప్రధానార్చకుడు = ప్రధాన + అర్చకుడు – సవర్ణదీర్ఘ సంధి
అత్యున్నతం = అతి + ఉన్నతం – యణాదేశ సంధి
విద్యాదానం = విద్య యొక్క దానం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

1. యూదు బాలల రక్షణలో యూత్ అలియా చేసిన కృషిని వివరించండి.
2. దానాన్ని గురించి మైమోనిడీస్ అభిప్రాయాలను తెలిపి, విద్యాదానం ఎందుకు శ్రేష్ఠమో చర్చించండి.
3. ‘కుప్పా’ నిధి నిర్వహణలో పాటించిన నియమాలేవి? వాటి ప్రయోజనమేమి?
4. ‘దినాలు తినడం’ అనే పద్ధతిని మన ‘వారాలు’ పద్ధతితో పోల్చండి.
5. మీ ఊరిలో విద్య కోసం ఏర్పడిన ఒక ధర్మసంస్థను గురించి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండ వ్రాయండి.