ఎదుగు బిడ్డకు తగిన సైకిలు

పాఠోద్దేశము: ఎదుగుచున్న బిడ్డకు పెద్ద సైకిలు కొనునప్పుడు తల్లిదండ్రులు దేనిని కొలవవలెనో, ఎదుగుదలకు ఎంత చోటు విడువవలెనో తెలిసికొనుట.

ఎదుగు బిడ్డ గల యింటిలో పెద్దలు చేయు పొదుపు అందరికిని తెలిసినదే. చొక్కాను రెండంగుళములు వదులుగా కుట్టింతురు. పావడాకు మడత వేసి కుట్టుదురు. చెప్పులు ఒక సైజు పెద్దవి కొందురు. "ఎదిగే పిల్ల గదా, వచ్చే యేటికి సరిపోవును" అను మాట ఏ యింటను క్రొత్తది కాదు. వదులైన చొక్కా వలన బిడ్డకు హాని లేదు. అయితే అదే లెక్కను సైకిలునకు వర్తింపజేసిన యెడల ఏమగును?

షిలోహులో పెరుగుచున్న కుమారునికై హన్నా ప్రతి సంవత్సరము ఒక చిన్న వస్త్రమును సిద్ధపరచి తీసికొనిపోయిన సంగతి సమూయేలు మొదటి గ్రంథము రెండవ అధ్యాయములో కలదు. ఆమె ఒకేసారి పెద్ద వస్త్రమును కుట్టి, అందులోనికి బిడ్డ ఎదుగునని ఊరకుండలేదు. దూరమున నున్న బిడ్డ ఆ యేడు ఏ మేరకు ఎదిగియుండునో తల్లి తన మనస్సులో కొలుచుకొని యుండవలెను. సైకిలు కొనువారికి కావలసినదియు అట్టి కొలతయే.

1. దారి ఎట్టిది?

విజయవాడ వైపు నుండి భద్రాచలము, కుంట, సుక్మా మీదుగా జగదల్పూరు చేరు 30వ సంఖ్య జాతీయ రహదారిపై ప్రయాణము చేసినవారు బస్తరు నేల స్వభావమును ఎరుగుదురు. జగదల్పూరు చేరకముందే దర్భా కనుమ వచ్చును. ఆ పట్టణమునకు ఉత్తరమున కేశకాల్ కనుమలో బాట పండ్రెండు పెద్ద మలుపులు తిరుగుచు కొండనెక్కును. దక్షిణమున బైలదిల్లా కొండల దిగువన కిరండూల్, బచేలి పట్టణములున్నవి. అక్కడి యినుప ఖనిజపు గనులు 1968లో పని ప్రారంభించెను. కొత్తవలస నుండి కిరండూల్ వరకు వేసిన రైలుమార్గము వెంట తెలుగు కుటుంబములు అనేకము ఉద్యోగములకై అచ్చటికి చేరినవి.

రహదారిని విడిచి పల్లెలలోనికి పోయిన కొలది ఎర్రమట్టియు మొరమును కనబడును. వానకాలములో మట్టి టైరులకంటుకొనును, వాగులు దారికడ్డము వచ్చును. ప్రాథమిక పాఠశాల ఊరిలోనే యున్నను ఉన్నత పాఠశాల కొన్ని మైళ్ల దూరమున నుండుట కద్దు. ఈ దూరము వలననే అనేకమంది బాలికల చదువు ఎనిమిదవ తరగతితో ఆగిపోయెను. దీనిని గుర్తించి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2004లో సరస్వతీ సైకిలు పథకమును ప్రారంభించి, తొమ్మిదవ తరగతిలో చేరిన షెడ్యూల్డు కులముల, తెగల, పేద కుటుంబముల బాలికలకు ఉచితముగా సైకిళ్లనిచ్చెను.

బీహారు రాష్ట్రము 2006లో ఇట్టి పథకమునే చేపట్టెను. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ అను ఆర్థికశాస్త్రవేత్తలు దాని ఫలితమును పరిశీలించి 2017లో ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగెననియు, ఈ విషయమున బాలబాలికల మధ్యనుండిన అంతరము 40 శాతము తగ్గెననియు వారు కనుగొనిరి. పాఠశాలకు మూడు కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న గ్రామములలోనే ఈ మేలు ఎక్కువగా కనబడెను. కావున ఇట్టి చోట సైకిలు ఆటవస్తువు మాత్రమే కాదు, అది చదువునకు దారి. బిడ్డ తొక్కలేని సైకిలు గోడకు చేరగిలబడి యుండును, బిడ్డయు ఇంటనే యుండును.

2. కొండదారి సైకిలు అనగా నేమి?

బజారులో రేంజరు సైకిలనియు, గేర్ల సైకిలనియు, మౌంటెన్ బైకనియు పిలువబడునది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 1970ల దశకములో రూపు దాల్చెను. మారిన్ ప్రాంతపు యువకులు కొందరు లావు టైరులు గల పాత సైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టిదారులలో దిగువకు తొక్కుచు వినోదించెడివారు. ఆ పనికే ప్రత్యేకముగా 1977లో జో బ్రీజ్ అనునతడు క్రొత్త ఫ్రేమును తయారుచేసెను. లావు టైరు, ఎత్తునెక్కుటకు తేలికైన గేరు, బలమైన బ్రేకు అనునవి దాని ముఖ్య లక్షణములు.

మొరము దారిన బడికి పోవు బిడ్డకు ఈ మూడును ఉపకరించును. అయితే అంగడిలో మెరయుచు కనబడు స్ప్రింగు ఫోర్కులు చవక సైకిళ్లలో బరువును పెంచునే గాని సుఖమును అంతగా నీయవు. పదునైదు కిలోల సైకిలు ముప్పది కిలోల బిడ్డకు తన బరువులో సగము. దానిని బిడ్డ ఎత్తి వాగు దాటించగలదా, పడిన యెడల లేవనెత్తగలదా అని పెద్దలు విచారింపవలెను.

3. అంకెలు ఏమి తెలుపును?

పిల్లల సైకిళ్లను చక్రపు కొలతతో చెప్పుదురు: 16, 20, 24 అంగుళములు. తరువాత 26 అంగుళములు, అటుపైన 27.5, 29 అంగుళములు. సుమారుగా 130 నుండి 150 సెంటీమీటర్ల యెత్తు గల బిడ్డకు 24 అంగుళముల చక్రము తగును. ఆ యెత్తు దాటుచున్నవారికి చిన్న ఫ్రేము గల 26 అంగుళముల సైకిలు సరిపోవును. వయస్సు ఇందుకు నమ్మదగిన కొలత కాదు. ఒకే తరగతిలోని ఇద్దరి మధ్య ఒక జానెడు తేడా యుండవచ్చును.

ఇచ్చట ఒక పొరపాటునకు తావున్నది. పెద్దలు తొక్కు నల్ల సైకిలును 22 అంగుళముల సైకిలని పిలుచుట వాడుక. అది ఫ్రేము కొలత. దాని చక్రము 28 అంగుళములు. అట్లే 26 అంగుళముల చక్రముతోనే చిన్న ఫ్రేమును దొరకును, పెద్ద ఫ్రేమును దొరకును. కావున చక్రపు అంకెను మాత్రమే అడిగి తిరిగివచ్చినవాడు సగము కొలతనే తెచ్చినట్లు. చక్రము పెద్దదైన కొలది రాళ్లపైనను గుంతలలోను సులభముగా దొర్లును గాని, బరువును ఎత్తును కూడ పెరుగును.

4. బిడ్డను కొలుచుట

అంగడికి పోకముందే ఇంటియొద్ద ఈ పని చేయవచ్చును. బిడ్డను చెప్పులు లేకుండ గోడకానించి నిలువబెట్టి, ఒక అట్టపుస్తకమును కాళ్ల నడుమ నుంచి, పైకి ఆనునంతవరకు జరిపి, దాని పైయంచు వద్ద గోడపై గీత గీయవలెను. నేల నుండి ఆ గీత వరకు గల కొలత కాలి పొడవు. అంగడిలో సైకిలుపై కాళ్లు ఇరుప్రక్కల నుంచి నిలిచినప్పుడు, పై రాడ్డునకును బిడ్డ శరీరమునకును మధ్య కనీసము అయిదు సెంటీమీటర్ల ఎడముండవలెను. గతుకుల దారిలో హఠాత్తుగా దిగవలసినప్పుడు ఈ ఎడమే బిడ్డను కాపాడును.

రాడ్డు క్రిందికి వంగియున్న బాలికల సైకిళ్లకు ఈ పరీక్ష చాలదు. సీటుపై కూర్చుండి రెండు పాదముల ముందుభాగము ఒకేసారి నేలకానవలెను. క్రొత్తగా నేర్చుకొను బిడ్డకైన యెడల పాదము పూర్తిగా ఆనవలెను. హ్యాండిలు పట్టినప్పుడు మోచేతులు కొంచెము వంగియుండవలెను. చేతులు చాచి ముందుకు ప్రాకులాడునట్లుండరాదు. బ్రేకు పిడిని వ్రేళ్లతో చుట్టి నొక్కగలుగవలెను, కొసలతో తాకుట చాలదు. పిడిని దగ్గరకు తెచ్చు చిన్న మరను బిగించి చూపుమని అంగడివానిని అడుగవచ్చును. కనుమ దిగునప్పుడు ఆ వ్రేళ్లే బిడ్డకు ఆధారము.

5. ఎదుగుదలకు చోటు ఎక్కడ?

"ఏటేట సైకిలు కొనగలమా?" అని పేద తండ్రి అడుగును. అది న్యాయమైన ప్రశ్న. దీనికి ప్రత్యుత్తరము సీటు గొట్టములో నున్నది. బాల్యములో బిడ్డ ఏటికి సుమారు అయిదారు సెంటీమీటర్లు ఎదుగును. అందులో కాలి పొడవు సుమారు సగము. యౌవనారంభమున ఎదుగుదల వడిగా సాగి ఏటికి ఎనిమిది సెంటీమీటర్లు కూడ కావచ్చును. ఇది సాధారణముగా బాలికలకు ముందుగాను బాలురకు రెండేండ్లు వెనుకగాను వచ్చును. సీటు అడుగున నున్నప్పుడు బిడ్డకు సరిపోయి, దానిని ఎనిమిది సెంటీమీటర్లు లేపుటకు వీలుండిన యెడల, ఆ సైకిలు రెండు మూడేండ్లు ఉపయోగపడును. సీటును కొద్దిగా వెనుకకు జరుపుట వలన చేతులకును చోటు దొరకును.

మడమను అడుగు పెడలుపై నుంచినప్పుడు కాలు చక్కగా చాగిన యెడల సీటు ఎత్తు సరియైనది. తొక్కునప్పుడు పాదపు ముందుభాగము పెడలుపై నుండును గనుక మోకాలు కొంచెము వంగును. సీటు గొట్టముపై ఒక హద్దుగీత చెక్కబడియుండును. ఆ గీత బయట కనబడునంతగా గొట్టమును లేపరాదు. లేపినచో అది వంగవచ్చును, విరుగవచ్చును. గీత కనబడు దినమే సైకిలు మార్చవలసిన దినము.

ఫ్రేమునందు విడిచిన చోటు అట్టిది కాదు. మిక్కిలి పెద్ద సైకిలునెక్కిన బిడ్డ పెడలు అందక ప్రతి త్రొక్కునకు సీటుపై ఇటునటు ఒరగును. ఏటవాలున ఆగినప్పుడు కాలు నేలకు చాలక ప్రక్కకు పడును. నాలుగు పర్యాయములు పడిన తరువాత ఆ బిడ్డ సైకిలునకు భయపడును. తండ్రి సైకిలు ఫ్రేము సందులో నుండి కాలు పోనిచ్చి తొక్కి నేర్చుకొన్న తరము, "మేము నేర్చుకోలేదా?" అని అడుగవచ్చును. వారు నేర్చుకొనిరి, నిజమే. మరియొక సైకిలు లేక అట్లు నేర్చుకొనిరి గాని, అది బిడ్డకు మేలని యెవరును దానిని ఎంచుకొనలేదు.

6. చిన్నబడిన సైకిలు

చక్కగా నూనె వేసి వాడిన 20 అంగుళముల సైకిలు చెల్లెలికో తమ్మునికో ప్రక్కింటి బిడ్డకో చేరవచ్చును. ఒక సంఘములోని నాలుగైదు కుటుంబములు తమ బిడ్డలకు చిన్నబడిన సైకిళ్లను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనిన యెడల, ఏ తండ్రియు పొదుపు పేరిట బిడ్డను పెద్ద సైకిలుపై కూర్చుండబెట్టవలసిన అవసరముండదు. బడిలో అందరికి ఒకే కొలత సైకిళ్లు వచ్చినప్పుడు, పొట్టి బిడ్డ సీటును దించి, బ్రేకు పిడిని దగ్గరకు తెచ్చి యిచ్చుట ఉపాధ్యాయునికి పది నిమిషముల పని.

బిడ్డ రేపు ఎంత ఎత్తగునో పెద్దలు ఆశపడుట సహజము. అయితే దారిలో పోవునది రేపటి బిడ్డ కాదు, నేటి బిడ్డ. నేటి బిడ్డకు సరిపోవునట్లు కొని, రేపటి కొరకు సీటు గొట్టములో కొంత చోటు విడుచుటయే వివేకము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింటి బిడ్డ కాలి పొడవును చివరిసారి ఎప్పుడు కొలిచితిరి?
2. బిడ్డ సైకిలు సీటు గొట్టముపై హద్దుగీత ఎక్కడనున్నదో చూచితిరా? ఇంకెంత చోటు మిగిలియున్నది?
3. మీ యింట మూలనున్న చిన్న సైకిలు ఎవరి బిడ్డకు బడిదారి కాగలదు?