పైథాన్‌లో సీజర్ సైఫర్: తెలుగు అక్షరాలతో మీరే రాసి చూడండి

పాస్‌వర్డ్‌ని ఫోన్ నోట్స్‌లో రాసుకుంటూ, ఎవరైనా చూసినా అర్థం కాకూడదని ఒక్కో అక్షరాన్ని కాస్త ముందుకి జరిపి రాసే అలవాటు మీకుందా? అది ఎంతవరకు సేఫ్? పది పదిహేను లైన్ల ప్రోగ్రామ్ రాస్తే మీకే తెలిసిపోతుంది.

ఈ పద్ధతి పేరు సీజర్ సైఫర్. రోమన్ నాయకుడు జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో ప్రతి అక్షరాన్ని 3 స్థానాలు జరిపి రాసేవాడని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. మనం దీన్ని తెలుగు హల్లులతో చేద్దాం. ఫోన్‌లో పైథాన్ యాప్ ఉన్నా సరిపోతుంది.

స్టెప్ 1: క నుంచి మ వరకు 25 హల్లులు, తర్వాత య ర ల వ శ ష స హ ళ ఱ వరుసగా ఒకే స్ట్రింగ్‌లో టైప్ చేయండి. మొత్తం 35. పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి క స్థానం 0, ఱ స్థానం 34.

స్టెప్ 2: ఫర్ లూప్‌తో మెసేజ్‌లో ఒక్కో అక్షరాన్ని తీసుకోండి. అది మన లిస్ట్‌లో ఉంటే దాని స్థానానికి 3 కలిపి, ఆ స్థానంలోని అక్షరాన్ని రాయండి. లేకపోతే ఉన్నది ఉన్నట్టే వదిలేయండి. అప్పుడు "పలక" కాస్తా "భషఘ" అవుతుంది.

స్టెప్ 3: ఇప్పుడు "హ" ఇచ్చి చూడండి. 32 + 3 = 35. ఆ స్థానమే లేదు, ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది! అందుకే (స్థానం + 3) % 35 అని రాయాలి. 35ని 35తో భాగిస్తే శేషం 0, అంటే మళ్లీ క దగ్గరికి వస్తాం.

గుణింతాలు, వత్తుల సంగతేంటి? కంప్యూటర్‌కి "తెలుగు" అంటే 3 అక్షరాలు కాదు, 6. త, ల, గ విడిగా, వాటి గుణింతపు గుర్తులు విడిగా ఉంటాయి. గుర్తులు మన లిస్ట్‌లో లేవు కాబట్టి కదలవు. అందుకే "తెలుగు" చక్కగా "ధెషుచు" అవుతుంది, "అమ్మ" అయితే "అల్ల" అవుతుంది.

స్టెప్ 4: వెనక్కి తేవాలంటే 3 తీసేస్తే చాలు. పైథాన్‌లో -3 % 35 అంటే 32 వస్తుంది. జావాలో అయితే -3 వస్తుంది, కాబట్టి అక్కడ ముందుగా 35 కలుపుకోవాలి.

ఇక అసలు విషయం. కీ 3 అని తెలియని వాళ్లు ఏం చేస్తారు? ఇంకో లూప్ పెట్టి 1 నుంచి 34 వరకు అన్నీ ప్రయత్నిస్తారు. క్షణంలో 34 లైన్లు ప్రింట్ అవుతాయి, అందులో అర్థమయ్యే లైనే మీ రహస్యం. అంకెలతో ఉన్న పిన్ అయితే ఇంకా తేలిక, జరిపే దారులు 9 మాత్రమే.

కాబట్టి లూప్‌లు, శేషం లెక్క నేర్చుకోవడానికి సీజర్ సైఫర్ చాలా మంచి లెసన్. పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి మాత్రం పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. నోట్స్‌లో ఉన్నవి ఈరోజే మార్చేయండి.