ఇన్‌ఫార్మర్ పేరు చెప్పాలా? చట్టం, కమిషన్లు
నేర సమాచారం ఎవరిచ్చారో చెప్పమని మేజిస్ట్రేటును, పోలీసు అధికారిని బలవంతపెట్టరాదు: భారతీయ సాక్ష్య అధినియమం-2023, సెక్షన్ 131. పాత సాక్ష్య చట్టంలో ఇది 125. కొత్త చట్టం అమలు: 2024 జులై 1 నుంచి. సమాచార హక్కు చట్టంలో ఇలాంటి మినహాయింపు 8(1)(జి).

విచారణ కమిషన్ల చట్టం-1952: నియామకం సెక్షన్ 3; సివిల్ కోర్టు అధికారాలు సెక్షన్ 4; చర్యల పత్రంతో నివేదిక 6 నెలల్లో చట్టసభకు, 3(4). సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై భార్గవ కమిషన్: 1977. వాటినే పరిశీలించిన తార్కుండే కమిటీ పౌరులది, సర్కారుది కాదు. తికమక పెట్టేది ఇక్కడే.

అనంతపురంలో టీడీపీ నేత పరిటాల రవి హత్య (2005 జనవరి 24): సీబీఐది నేర దర్యాప్తు, కమిషన్ విచారణ కాదు. పోలీసు ఇన్‌ఫార్మర్‌ అన్న ఆరోపణలున్న గ్యాంగ్‌స్టర్ నయీం ఎన్‌కౌంటర్: షాద్‌నగర్, 2016 ఆగస్టు 8, తర్వాత వేసింది సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం).