కాలేయం పెరగాలంటే జింక్ మాత్రలు వేసుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి నా కాలేయంలో కుడి భాగం ఇచ్చి మూడు వారాలైంది. నా వయసు 29. ఆపరేషన్ అయిన ఐదో రోజు రక్తపరీక్షలో జింక్ తక్కువని వచ్చింది. డాక్టరు మందేమీ రాయలేదు. కాలేయం త్వరగా పెరుగుతుందని, ఇమ్యూనిటీ వస్తుందని మా పిన్ని 50 మిల్లీగ్రాముల జింక్ మాత్రలు తెస్తే రోజూ రెండు వేసుకుంటున్నాను. నాన్నగారికేమో తిప్పతీగ కషాయం ఇస్తున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ కషాయం ఈ పూటే ఆపించండి. ఎందుకో చివర్లో చెబుతాను.

మీ నుంచి తీసిన ముక్క మళ్లీ మొలవదు. మిగిలిన భాగమే పెరిగి, రెండు మూడు నెలల్లో చాలావరకు పాత పరిమాణానికి దగ్గరవుతుంది. ఆ పని మొదలయ్యేది రోగనిరోధక వ్యవస్థతోనే. కాలేయంలోనే కాపురముండే కుఫర్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. అది అందాకే కాలేయ కణాలు విభజనకు సిద్ధమవుతాయి. కొత్త డీఎన్ఏ తయారుచేసే ఎంజైములకు జింక్ కావాలి. అందుకే ఆ సంకేతమే జింక్‌ను లోపలికి చేరవేసే ద్వారాలనూ పెంచుతుంది. రక్తంలోని జింక్ కాలేయంలోకి వెళ్లిపోతుంది. ఐదో రోజు మీ రిపోర్టులో అంకె తగ్గడానికి ఇదే కారణం కావచ్చు. ఆ ఒక్క రిపోర్టు చూసి లోపమని తేల్చలేం.

జింక్ లేకపోతే కాలేయం సరిగా పెరగదు, నిజమే. అలాగని ఎక్కువ పోస్తే ఎక్కువ పెరగదు. పెద్దవాళ్లకు రోజుకు 40 మిల్లీగ్రాములు పరిమితి అయితే, మీరు 100 వేసుకుంటున్నారు. ఇలా వారాల తరబడి సాగితే పేగులో రాగి ఒంటికి పట్టదు. రక్తహీనత వస్తుంది, తెల్లకణాలు తగ్గుతాయి. ఏ ఇమ్యూనిటీ కోసం మింగుతున్నారో అదే దెబ్బతింటుంది. మాత్రలు పక్కన పెట్టి, ఇన్నాళ్లూ వేసుకున్న సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. గుడ్డు, మాంసం, నువ్వులు, గుమ్మడి గింజలు, మొలకెత్తిన శనగలు తినండి. నానబెట్టి, పులియబెట్టిన ఇడ్లీ పిండిలో జింక్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి కాబట్టి ఇడ్లీ కూడా మంచిదే.

ఇక నాన్నగారి విషయం. మీరిచ్చిన కాలేయాన్ని ఆయన ఒళ్లు పరాయిదని తోసేయకుండా, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడతారు. తిప్పతీగ దాన్ని రెచ్చగొట్టవచ్చు. పైగా అది వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఎన్ని రోజులు, ఎంత తాగారో రాసుకుని రేపే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు చూపించండి. కాలేయ పరీక్షలు వెంటనే చేయించమని మీరే అడగండి.