తూమునొద్ద కావలి

అనంతపురమునకు చేరువనే బుక్కరాయసముద్రమను గ్రామము కలదు. 14వ శతాబ్దమున విజయనగర ప్రభువైన బుక్కరాయల పేరిట కట్టబడిన పెద్ద చెరువు వలననే దానికా పేరు వచ్చినది. వానలు అరుదైన ఆ సీమలో చెరువులకు నీరుగంటి యను కావలివాడుండెడివాడు. ఎవరి వంతు నీరు వారికి తూమునొద్దనే వదలుట ఆతని పని. నీరు తూము దాటిన పిమ్మట పొలముగట్టున నిలిచి అడ్డుచెప్పిన నేమి ఫలము? మడి యప్పటికే తడిసియుండును.

సొంత వెబ్‌సైటులోని పుటలకు పాస్‌వర్డు పెట్టుటలోని కీలకమంతయు నిదియే. ఒక బాలిక తన వెబ్‌సైటులో ఊరి చెరువును గూర్చిన వ్యాసమును అందఱికొఱకును, ఇంటివారి ఛాయాచిత్రములను బంధువులకొఱకును ఉంచెననుకొందము. పుటలు నిలువయుండు కంప్యూటరును సర్వరందురు. అది చెరువు, చూచువారి ఫోనులోని బ్రౌజరు మడి. కొందఱు పాస్‌వర్డు నడుగు పనిని పుటలోనే వ్రాసిపెట్టుదురు. అప్పుడు పుట యంతయు చూచువాని చేతికి ముందే చేరును. పుట మూలమును తెఱచి చూచినచో ఎనిమిదవ తరగతి బాలుడైనను దాచినదానిని చదువగలడు. మఱికొందఱు చిరునామా నెవ్వరికిని చెప్పకున్న చాలునందురు. చిరునామా నోటినుండి నోటికి పాకును. గూగుల్ వంటి అన్వేషణ యంత్రములును దానిని పసికట్టవచ్చును.

కావున సర్వరే అడుగవలెను. అపాచీ వంటి సర్వరు ప్రోగ్రాములలో ఒక్కొక్క ఫోల్డరునకు కావలి పెట్టు వీలు కలదు. పాస్‌వర్డు లేక వచ్చినవానికి సర్వరు 401 అను సంఖ్యతో బదులిచ్చును. రహస్య పుటలోని అక్షరమొక్కటియు పంపదు. పాస్‌వర్డును దారిలో ఇతరులు చదువకుండుటకై వెబ్‌సైటు చిరునామా 'హెచ్.టి.టి.పి.ఎస్.' అను అక్షరములతో మొదలు కావలెను.

ఇక నీరుగంటి చేతిలోని జాబితా మాట. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో పలువురు ఒకే కంప్యూటరును వంతులవారీగా వాడుకొనుటకు పాస్‌వర్డులు పెట్టిరి. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి తన వంతు చాలక, పాస్‌వర్డుల జాబితానే అచ్చువేయించుకొని ఇతరుల వంతులను వాడుకొనెను. నీటివంతులకై జరుగు తగవులెఱిగిన సీమవారికి ఈ కథ వింత కాదు! పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్లే జాబితాలో నుండుటయే అచ్చటి లోపము. నేడు మంచి ప్రోగ్రాములు పాస్‌వర్డును విసరి పిండిచేసినట్లు ఒక గుర్తుగా మార్చి, ఆ గుర్తునే దాచును. పిండి మరల గింజ కానేరదు గదా! 1979లో మోరిస్, థాంసన్ అను శాస్త్రజ్ఞులు ప్రతి పాస్‌వర్డునకును 'ఉప్పు', అనగా వేర్వేఱు అక్షరములు, కలిపి మార్చు పద్ధతిని వివరించిరి. అందుచే ఇద్దఱొకే పాస్‌వర్డు పెట్టుకొన్నను గుర్తులు వేఱుగా నుండును. అయినను ఊరి పేరునో, పుట్టిన తేదినో పాస్‌వర్డుగా పెట్టినచో, ఎదుటివాడు ఊహించియే లోపలికి వచ్చును. ఉప్పు దానిని కాపాడలేదు.

మఱియొక చిక్కు కలదు. పుటకు కావలి పెట్టి, ఆ పుటలో కనబడు ఛాయాచిత్రములను వేఱొక ఫోల్డరులో విడిచిపెట్టువారు పెక్కుమంది. ఆ చిత్రమునకు తనదైన చిరునామా యుండును. అది తెలిసినవాడు పుట జోలికి పోకయే చిత్రమును చూడగలడు. కట్టకు రెండు తూములున్నచో నీరుగంటి రెండింటిని కాయవలెను గదా! కావున ఆ బాలిక చిత్రములను కూడ కావలియున్న ఫోల్డరులోనికే మార్చి, పాస్‌వర్డు ఇయ్యకుండ వానిని తెఱచుటకు మఱియొక ఫోనునుండి ప్రయత్నించి చూడవలెను.